క్లైమేట్ డబ్బు అడుగుతున్నాం సరే, తెచ్చుకునే మనుషులు మన ప్రభుత్వాల్లో ఉన్నారా?

కోపెన్‌హేగన్ నుంచి బెలెమ్ దాకా ఐక్యరాజ్యసమితి క్లైమేట్ సదస్సుల్లో డబ్బు కథ అందరికీ తెలిసిందే, మళ్ళీ మొత్తం చెప్పను. 2009లో ధనిక దేశాలు వాతావరణ మార్పుని ఎదుర్కోడానికి పేద దేశాలకి ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి, 2020 కల్లా అన్నాయి, ఆ అంకె దాటింది మాత్రం 2022లో, అందులో కూడా ప్రభుత్వ సొమ్ములో దాదాపు మూడింట రెండొంతులు అప్పులే. 2024లో బాకులో 2035 నాటికి ఏడాదికి 30,000 కోట్ల డాలర్లు అని తేల్చినప్పుడు మన దేశం తరఫున చాందినీ రైనా లేచి ఇది కంటిభ్రమ తప్ప ఇంకేం కాదని అక్కడికక్కడే చెప్పేశారు. ఆమె అన్నది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. వరదలు, కరువులు, సముద్రం కోతలు తట్టుకోడానికి పేద దేశాలకి 2035 నాటికి ఏటా 31,000 కోట్ల డాలర్ల పైనే కావాలని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్కేసింది, 2023లో ఆ పనికి వచ్చిన అంతర్జాతీయ ప్రభుత్వ సొమ్ము 2,600 కోట్లు. పదో వంతు కూడా లేదు.

ఇంతవరకూ నాకు ఎవరితోనూ గొడవ లేదు. నా బాధంతా ఆ తర్వాత మొదలవుతుంది. రేపు పొద్దున్నే ఆ డబ్బు మొత్తం ఇస్తాం, రండి, ప్రాజెక్టులు పట్టుకురండి అంటే మన రాష్ట్రాల్లో ఏ ఆఫీసుకి వెళ్ళాలి? ఎవరి టేబుల్ మీద రెడీగా ఫైల్ ఉంది? ఈ ప్రశ్న మన దగ్గర ఎవరూ అడగట్లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, నిజమే, కానీ ఈ డబ్బు అడగడానికి ఒక విద్య కావాలి, ఆ విద్య నేర్చిన మనుషులు ప్రభుత్వంలో జీతం తీసుకుంటూ పదేళ్ళు ఒకే కుర్చీలో ఉండాలి. మనకి లేనిది అదే. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో చాలావాటికి లేనిది కూడా అదే.

పాత ఉదాహరణ ఒకటి చూడండి. 2015లో కేంద్రం క్లైమేట్ ఛేంజ్ తట్టుకోడానికి జాతీయ అడాప్టేషన్ ఫండ్ అని పెట్టింది, మొదటి రెండేళ్ళకి 350 కోట్లు. గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్ చేతిలో పెట్టారు. రాష్ట్రాలు ప్రాజెక్టులు రాసుకుని రావాలి, కేంద్రం శాంక్షన్ చేస్తుంది. మొత్తం మీద 30 ప్రాజెక్టులు, అన్నీ కలిపి 847 కోట్లు, ఇంత పెద్ద దేశానికి. అందులో ఆంధ్రప్రదేశ్‌కి వచ్చింది కోస్తా, కరువు ప్రాంతాల్లో పాడి పశువుల కోసం ఒక ప్రాజెక్టు, 12 కోట్ల చిల్లర. తెలంగాణకి మహబూబ్‌నగర్ జిల్లా రైతుల కోసం ఒకటి, 24 కోట్లు. 2022 నవంబర్‌లో ఆ ఫండ్‌ని స్కీమ్‌ల లిస్టులోంచి తీసేశారు. కేంద్రం డబ్బు పెట్టకపోవడం తప్పే, దాన్ని సమర్థించను. కానీ ఆ ఏడేళ్ళలో రాష్ట్రాలు ఏటా ఐదారు గట్టి ప్రాజెక్టులతో వెళ్ళి తలుపు కొట్టి ఉంటే, మా దగ్గర ఇన్ని ఉన్నాయి మీ దగ్గర డబ్బు లేదు అని లెక్క చూపించి ఉంటే, ఆ ఫండ్‌ని అంత నిశ్శబ్దంగా మూసేయగలిగేవాళ్ళా? డిమాండే కనిపించని స్కీమ్‌ని మూసేయడం ఏ ఆర్థిక శాఖకైనా చాలా ఈజీ.

బయటి డబ్బు సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. పేద దేశాల క్లైమేట్ పనులకి డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి, గ్రీన్ క్లైమేట్ ఫండ్ అని దక్షిణ కొరియాలో సాంగ్డోలో ఉంది కదా, దాంట్లోంచి 2017లో ఒడిశాకి భూగర్భ జలాలు నింపే చెరువుల పని, సోలార్ పంపులతో సాగు కోసం 3.4 కోట్ల డాలర్ల గ్రాంట్ వచ్చింది. అప్పు కాదు, గ్రాంట్. అది నాబార్డ్ ద్వారా, అంటే మన దేశ సంస్థ ద్వారా వచ్చింది. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్, ఒడిశా, మహారాష్ట్ర తీరాలకి కలిపి 4.3 కోట్ల డాలర్ల గ్రాంట్ వచ్చింది, అది ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగం యూఎన్‌డీపీ ద్వారా. గమనించారా, రెండు లిస్టుల్లోనూ ఒడిశా ఉంది. అదేం లక్ కాదండి. 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10,000 మంది చచ్చిపోయిన తర్వాత ఒడిశా ఒక విపత్తుల సంస్థ పెట్టుకుంది, దాన్ని నిలబెట్టుకుంది, ప్రభుత్వాలు మారినా దాని జోలికి పోలేదు, 2020లో దేశంలో అందరికంటే ముందు క్లైమేట్ బడ్జెట్ అని ఒక పుస్తకం వేసి ఏ శాఖ ఖర్చులో ఎంత క్లైమేట్ పనికి పోతోందో చెప్పింది. 2019లో ఫణి తుపాను వచ్చినప్పుడు పది లక్షల మందికి పైగా జనాన్ని తరలించగలిగారంటే దాని వెనక ఇరవై ఏళ్ళ ఆఫీసు పని ఉంది. డబ్బిచ్చేవాడు చూసేది కూడా ఆ ఆఫీసునే.

అసలు ఈ గ్రాంట్ల దరఖాస్తులో ఏం అడుగుతారో చాలామందికి తెలీదు. మా ఊళ్ళో కరువుంది, చెరువు బాగుచేసుకుంటాం, డబ్బివ్వండి అంటే ఒక్క డాలర్ రాదు. ఆ కరువు ఎప్పట్నుంచో ఉన్న పేదరికం వల్ల కాదు, మారిన వాతావరణం వల్ల ముదిరింది అని నిరూపించాలి. ముప్పై ఏళ్ళ వర్షం లెక్కలు కావాలి, వాన రోజులు ఎలా తగ్గాయి, రెండు వానల మధ్య గ్యాప్ ఎలా పెరిగింది, బోర్లలో నీళ్ళు ఎంత లోతుకి పోయాయి, రాబోయే ముప్పై ఏళ్ళు మోడల్స్ ఏం చెప్తున్నాయి, మీరు చేసే పని వల్ల ఆడవాళ్ళకి ఎంత, దళితులకి ఎంత లాభం, డబ్బు అయిపోయాక మెయింటెనెన్స్ ఎవరు చూస్తారు, ఇవన్నీ. తిట్టుకోవచ్చు, నేనూ తిట్టుకుంటా, పుండు చూపించి అది పుండే అని నిరూపించమనడం ఏంటని. కానీ రూల్ అది.

ఇప్పుడు చూడండి, తెలంగాణలో మండలాల్లో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వెదర్ స్టేషన్లు ఉన్నాయి, గంట గంటకీ వాన లెక్క, ఎండ లెక్క వస్తుంది. ఎండాకాలంలో మీరు వాట్సాప్‌లో చూసే మండలాల వారీ టెంపరేచర్ల లిస్టు అక్కడిదే. ఆంధ్రలో కూడా రాష్ట్ర ప్రభుత్వ ప్లానింగ్ సొసైటీ దగ్గర అలాంటి నెట్‌వర్కే ఉంది. భూగర్భ జల శాఖ దగ్గర పీజోమీటర్ల లెక్కలు, అంటే భూమిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కొలిచే బోర్ల లెక్కలు ఉన్నాయి. వ్యవసాయ శాఖ దగ్గర పంట నష్టం లెక్కలు, రెవెన్యూ దగ్గర కరువు మండలాల రికార్డు. అంటే నిరూపించడానికి కావాల్సిన సరుకంతా మన దగ్గరే ఉంది, నాలుగు ఆఫీసుల్లో నాలుగు రకాల ఎక్సెల్ షీట్లలో. వాటిని ఒకచోట పెట్టి ఇదిగో మా వాదన అని రాసే మనిషి లేడు. ఎవరి జాబ్ చార్ట్‌లోనూ ఆ పని లేదు.

మరి పని ఎలా జరుగుతోంది? కన్సల్టెంట్లు. ఇక్కడ నాకు నిజంగా కోపమొస్తుంది. ఏ శాఖకి వెళ్ళినా డీపీఆర్, అంటే ప్రాజెక్టు వివరాల రిపోర్టు కావాలంటే టెండర్ పిలవడమే, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ యూనిట్ కావాలంటే ఏదో పెద్ద కంపెనీకి ఇవ్వడమే, సెక్రటేరియట్‌లో పీపీటీలు చేసేది వాళ్ళ కుర్రాళ్ళే. తెలివైన పిల్లలే, వాళ్ళనేం అనట్లేదు. కానీ కాంట్రాక్ట్ అయిపోగానే వాళ్ళు లాప్‌టాప్ మూసుకుని వేరే రాష్ట్రానికి పోతారు, వాళ్ళతో పాటే ఆ ఫండ్ వాళ్ళతో జరిపిన మాటలు, ఏ ప్రశ్నకి ఏం జవాబు చెప్పాం, ఎక్కడ రిజెక్ట్ అయింది, ఎందుకయింది, ఆ జ్ఞానం మొత్తం పోతుంది. ఇంకోసారి ఇంకో టెండర్, ఇంకో కంపెనీ, మళ్ళీ అ ఆ ఇ ఈ నుంచి. శాఖలో మిగిలేది బైండింగ్ చేసిన రిపోర్టు ఒక్కటే. అటు పక్క ఐఏఎస్ ఆఫీసర్ సబ్జెక్టు పట్టుకునేలోపు ట్రాన్స్‌ఫర్, కింద ఉండే మంచి ఇంజనీర్ డిప్యుటేషన్ మీద ఇంకెక్కడికో, మధ్యలో పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీ, ఉన్నవాళ్ళలో సగం అవుట్‌సోర్సింగ్. ఇలాంటి ఆఫీసు నుంచి ఏ ఫండ్‌కైనా పదేళ్ళ ప్లాన్ వెళ్తుందని ఎలా అనుకుంటాం?

బంగ్లాదేశ్‌ని చూస్తే నాకు ఈ విషయంలో గౌరవం కలుగుతుంది. మనకంటే చాలా చిన్న దేశం, మనకంటే ఎక్కువ దెబ్బ తినే దేశం. వాళ్ళు ఎవరో ఇస్తారని కూర్చోకుండా 2009-10లో సొంత బడ్జెట్‌లోంచి ఏటా 700 కోట్ల టాకాలు చొప్పున మూడేళ్ళు పెట్టి క్లైమేట్ ట్రస్ట్ ఫండ్ పెట్టుకున్నారు, 2010లో దానికి చట్టం చేశారు. అందులో రాజకీయ నాయకుల పైరవీలు, అవినీతి ఆరోపణలు చాలానే ఉన్నాయి, అదేమీ గుడి కాదు. కానీ ఆ పని చేస్తూ చేస్తూ వాళ్ళ ఆర్థిక శాఖలో ఒక తరం ఆఫీసర్లు తయారయ్యారు, పాతిక మంత్రిత్వ శాఖల ఖర్చుని క్లైమేట్ కోణంలో లెక్కగట్టి బడ్జెట్‌తో పాటే ప్రింట్ చేస్తున్నారు. పల్లెల్లో సోలార్ పెట్టడానికి ఇడ్కాల్ అని సొంత ప్రభుత్వ ఫైనాన్స్ కంపెనీ నడిపి 40 లక్షలకి పైగా ఇళ్ళకి సోలార్ సిస్టమ్స్ ఇచ్చారు, ఆ ట్రాక్ రికార్డు చూపించి అదే కంపెనీ గ్రీన్ క్లైమేట్ ఫండ్ దగ్గర అక్రెడిటేషన్, అంటే నేరుగా డబ్బు అడిగే అర్హత తెచ్చుకుంది. 2023 జనవరిలో ఐఎంఎఫ్ వాతావరణం కోసమని కొత్తగా పెట్టిన ఫండ్‌లోంచి 140 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. ఐఎంఎఫ్ షరతుల మీద నాకు చాలా అభ్యంతరాలున్నాయి, అది వేరే వ్యాసం. ఇక్కడ పాయింట్ ఏంటంటే వాళ్ళ ఆర్థిక శాఖకి ఈ భాష వచ్చు. మన రాష్ట్రాల ఆర్థిక శాఖలకి ఈ సబ్జెక్టు అటవీ శాఖదో పర్యావరణ శాఖదో అనే భావన ఇంకా పోలేదు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, గట్టి వాదనే. కెపాసిటీ కెపాసిటీ అని మాట్లాడటం ధనిక దేశాల ఎత్తుగడ, మీకు ఖర్చుపెట్టడం చేతకాదు కాబట్టి ఇవ్వట్లేదు అని తప్పించుకోడానికి వాళ్ళకి దొరికిన సాకు, పైగా కెపాసిటీ పెంచుతామని ఇచ్చే డబ్బు కూడా తిరిగి వాళ్ళ కన్సల్టెంట్ల జేబుల్లోకే పోతుంది అంటారు. ఒప్పుకుంటా, ఆ సాకు వాడుతున్నారు. బొగ్గు నుంచి బయటపడటానికి దక్షిణాఫ్రికాకి 2021లో గ్లాస్గోలో 850 కోట్ల డాలర్లన్నారు, తీరా చూస్తే గ్రాంట్ చాలా చిన్న ముక్క, మిగతావి ఎక్కువగా అప్పులు, 2025లో అమెరికా చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. కానీ అదే దక్షిణాఫ్రికా 2022లో మాకు కావాల్సింది ఐదేళ్ళకి లక్షన్నర కోట్ల రాండ్లు అని సొంతంగా ప్లాన్ రాసి టేబుల్ మీద పెట్టింది కాబట్టే ఇచ్చినదెంత, ఎగ్గొట్టినదెంత అని ఈరోజు ప్రపంచం ముందు నిలదీయగలుగుతోంది. ఇచ్చేవాడి మోసాన్ని పట్టుకోవాలన్నా లెక్క తెలిసినవాడు కావాలి, ఈ అప్పు మాకొద్దు అని చెప్పాలన్నా కావాలి. ప్రపంచ బ్యాంకు అప్పు శాంక్షన్ అయ్యి మనం ఏళ్ళ తరబడి వాడుకోకపోతే వాడుకోని సొమ్ము మీద ఏడాదికి 0.25 శాతం కమిట్‌మెంట్ చార్జి కట్టాలి. భూసేకరణ అవ్వక, టెండర్లు లేటయ్యి పని కదలని ప్రాజెక్టులకి మనం ఇలా ఏళ్ళ తరబడి కడతాం, కాగ్ రిపోర్టుల్లో ఇది మళ్ళీ మళ్ళీ వచ్చే పేరా.

దగ్గరగా ఒక చిన్న పని చూద్దాం, అప్పుడు ఇదంతా ఢిల్లీ మాటల్లా అనిపించదు. వరదకి ఒక ఊరి రోడ్డు మీద కల్వర్టు కొట్టుకుపోయింది. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్ వస్తాడు, టేపు పెట్టి కొలుస్తాడు, ఎస్ఎస్ఆర్ అనే ప్రభుత్వ రేట్ల పట్టికతో ఎస్టిమేట్ వేస్తాడు, ఫ్లడ్ డ్యామేజ్ రిపేర్ కింద పైకి పంపిస్తాడు. పాత కల్వర్టుకి రెండు వరుసల 900 ఎంఎం హ్యూమ్ (సిమెంటు) పైపులు ఉంటే కొత్త ఎస్టిమేట్‌లో కూడా అవే రెండు వరుసలు. ఊళ్ళోవాళ్ళు చెప్తూనే ఉంటారు, సార్ ఈసారి నీళ్ళు రోడ్డు మీద నడుం లోతు పోయాయి, ఆ పైపులు చాలవు సార్ అని. ఆయనకీ తెలుసు. కానీ విపత్తు సహాయ నిధి రూల్స్ ప్రకారం ముందు ఎలా ఉందో అలా చేయడానికే డబ్బు, అంతకంటే మంచిది కట్టడానికి కాదు. కాబట్టి కొట్టుకుపోయిన సైజే మళ్ళీ కడతాం, రెండేళ్ళకి మళ్ళీ కొట్టుకుపోతుంది, మళ్ళీ అదే ఎస్టిమేట్.

మంచిది కట్టడానికి డబ్బు లేదా అంటే ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా రాష్ట్రాల మిటిగేషన్ ఫండ్స్ కోసమని విడిగా 32,031 కోట్లు, కేంద్ర స్థాయిలో ఇంకో 13,693 కోట్లు సిఫార్సు చేసింది. నష్టం జరిగాక పంచే డబ్బు కాదు, జరక్కుండా ఆపే డబ్బు, అందులో నదుల కోత, సముద్రం కోత ఆపడానికే 1,500 కోట్లు విడిగా. మన చరిత్రలో మొదటిసారి. గైడ్‌లైన్స్ రావడం లేటయింది, కొన్ని రాష్ట్రాలు ఆ ఫండ్ ఏర్పాటు చేసుకోడానికే ఏళ్ళు తీసుకున్నాయి. ఉప్పాడ దగ్గర సముద్రం ఇళ్ళు మింగుతూనే ఉంది, కాకినాడ ఉప్పాడ బీచ్ రోడ్డు ప్రతి తుపానుకీ తెగుతూనే ఉంది, ఇసుక నింపిన పెద్ద గొట్టాలతో జియోట్యూబ్ గోడ వేశారు, అదీ పోయింది. విజయవాడలో 2024 సెప్టెంబర్‌లో బుడమేరు గట్లకి గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంటే గండి పూడ్చడానికి ఆర్మీ రావాల్సి వచ్చింది. బుడమేరు పొంగుతుందని ఆ ఊళ్ళో తెలియనివాడు లేడు, దశాబ్దాలుగా తెలుసు.

అదే విశాఖలో హుద్‌హుద్ తర్వాత ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. 2014 అక్టోబర్ 12న తుపాను కొట్టింది, స్తంభాలన్నీ పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. రాష్ట్రం, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) కలిసి కొద్ది వారాల్లోనే నష్టం ఎంత, మళ్ళీ జరక్కుండా ఉండాలంటే ఏం కావాలి అని లెక్క తయారుచేశాయి. 2015లో 25 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో పడిపోయిన స్తంభాలే మళ్ళీ పాతకుండా నగరంలో కరెంటు లైన్లు భూమి లోపలికి తీసుకెళ్ళే పని పెట్టుకున్నారు. అప్పే, గ్రాంట్ కాదు, కానీ పనికొచ్చే అప్పు. లెక్క రెడీగా ఉంటే డబ్బు ఎలా కదులుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆ టీమ్‌ని శాశ్వతంగా ఉంచి ప్రతి జిల్లాకీ అలాంటి లెక్క ముందే తయారుచేసి పెట్టి ఉంటే బుడమేరు ఫైల్ 2024కి చాలా ముందే కదిలేది.

బాండ్ల మార్కెట్‌లోనూ ఇదే. ఘజియాబాద్ మున్సిపాలిటీ 2021లో దేశంలో మొదటి మున్సిపల్ గ్రీన్ బాండ్, అంటే పర్యావరణ పనుల కోసం జనం నుంచి, సంస్థల నుంచి అప్పు తెచ్చే పత్రం వేసి 150 కోట్లు తెచ్చింది, మురుగునీళ్ళు శుద్ధి చేసి ఫ్యాక్టరీలకి అమ్ముతాం, ఆ ఆదాయంతో కడతాం అని చెప్పి. ఇండోర్ 2023లో నర్మద నీళ్ళ పంపింగ్‌కి అయ్యే కరెంటు ఖర్చు తగ్గించుకోడానికి సోలార్ ప్లాంట్ అని చెప్పి 244 కోట్లు తెచ్చింది, మామూలు జనం కూడా ఎగబడి కొన్నారు. మన హైదరాబాద్ వాటికంటే ముందే 2018లో బాండ్లకి వెళ్ళింది, 200 కోట్లతో మొదలుపెట్టింది, దేనికి? ఫ్లైఓవర్లకి. 2020 అక్టోబర్‌లో నగరం మునిగింది నాలాల వల్ల. పేరు, రేటింగ్, ఆస్తిపన్ను ఆదాయం అన్నీ హైదరాబాద్‌కి ఉన్నాయి, నాలాల మీద డబ్బు తెచ్చే ఆలోచన చేసిన కుర్చీ మాత్రం లేదు.

ఇక అసలు విషయానికి వస్తా, నేను ఏ టాపిక్ మొదలుపెట్టినా చివరికి ఇక్కడికే వస్తానని నా పాఠకులకి తెలుసు. ఈ కెపాసిటీ మొత్తం సెక్రటేరియట్‌లో ఒక సెల్ పెట్టేస్తే రాదు. కిందనుంచి రావాలి, పంచాయతీ నుంచి.

2000ల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రాజెక్టు నడిచింది. రైతులే భూగర్భ జలాలు నిర్వహించుకునే పని. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, ఈ ఏడు కరువు జిల్లాల్లో కొన్ని వందల ఊళ్ళు. మొదట నెదర్లాండ్స్ డబ్బు, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ సాయం. ఏం చేసేవాళ్ళంటే ఊళ్ళో రెయిన్‌గేజ్ పెట్టి రైతే రోజూ వాన కొలిచి రాసేవాడు, ఎంపిక చేసిన బోర్లలోకి కొలత వైరు దింపి నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో పదిహేను రోజులకోసారి చూసేవాళ్ళు, ఆ అంకెలు ఊళ్ళో గోడ మీద బోర్డుకెక్కేవి. వానాకాలం అయిపోయి రబీ మొదలయ్యే ముందు అందరూ కూర్చుని లెక్క వేసేవాళ్ళు, భూమిలోకి ఇంకిన నీళ్ళు ఇన్ని, మనం వేద్దామనుకుంటున్న పంటలకి కావాల్సినవి ఇన్ని, తేడా ఇంత. ఆ లెక్క చూశాక వరి తగ్గించి వేరే పంటకి పోయిన రైతులు చాలామంది. ఎవరూ ఆర్డర్ వేయలేదు, బోరు సీజ్ చేస్తామని బెదిరించలేదు. చదువురాని ఆడవాళ్ళు కూడా ఆ కొలతలు తీశారు.

పైన చెప్పానే, గ్రాంట్ కావాలంటే వాన లెక్క కావాలి, బోరు లెక్క కావాలి, మెయింటెనెన్స్ ఎవరు చూస్తారో చెప్పాలి అని, అదంతా మన కరువు జిల్లాల రైతులు ఇరవై ఏళ్ళ కిందటే చేసి చూపించారు. ప్రాజెక్టు గడువు అయిపోయింది. ప్రభుత్వం దాన్ని తన సొంత పనిగా తీసుకుని అన్ని జిల్లాలకీ పాకించలేదు. 2019 డిసెంబర్‌లో కేంద్రం అటల్ భూజల్ యోజన తెచ్చింది, 6,000 కోట్లు, అందులో సగం ప్రపంచ బ్యాంకు అప్పు, దాని గుండెకాయ ఏంటంటే గ్రామ పంచాయతీ నీటి బడ్జెట్! అచ్చం మనవాళ్ళు చేసిందే. ఏడు రాష్ట్రాలు ఎంచుకున్నారు, గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్. ఆంధ్ర లేదు, తెలంగాణ లేదు. రాష్ట్రాల్ని ఎంచుకోడానికి పెట్టుకున్న కొలమానాల్లో నీటి కొరతతో పాటు సంస్థాగత సన్నద్ధత, ఇలాంటి పని చేసిన అనుభవం కూడా ఉన్నాయి. అనుభవం మన ఊళ్ళల్లో ఉంది, దాన్ని కాపాడుకున్న ఆఫీసు లేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మన దగ్గర కాపాడుకున్న ఉదాహరణ కూడా ఉంది, అన్యాయంగా మాట్లాడకూడదు. 2000లో వెలుగు పేరుతో మొదలైన మహిళా సంఘాల పని ప్రభుత్వాలు మారినా, పేర్లు మారినా నిలబడింది. 2016లో ఆంధ్రలో ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టినప్పుడు రైతు సాధికార సంస్థ ఆ సంఘాల మీదే నిలబడి ఊరూరికీ వెళ్ళగలిగింది. 2018లో బయటి ఫైనాన్స్‌తో 230 కోట్ల డాలర్లు తెస్తాం, 2024 కల్లా 60 లక్షల మంది రైతుల్ని మారుస్తాం అని ప్రకటించారు, ఆ స్థాయిలో డబ్బు రాలేదు, టార్గెట్ చేరలేదు. కానీ జర్మనీ ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ రుణం వచ్చింది, 2024లో పోర్చుగల్‌లో ఇచ్చే అంతర్జాతీయ గుల్బెంకియన్ ప్రైజ్ పంచుకున్న ముగ్గురిలో మన ఆంధ్ర ప్రకృతి వ్యవసాయం ఒకటి. ప్రకటన వల్ల వచ్చినవి కావు ఇవి, ఊళ్ళల్లో ఇరవై ఏళ్ళుగా పుస్తకాలు రాస్తున్న సంఘాల వల్ల వచ్చాయి.

కెన్యా ఈ దారిలో మనకంటే ముందుకెళ్ళింది. ఇసియోలో అనే ఎండిపోయిన కౌంటీలో మొదలుపెట్టి వార్డు కమిటీలు పెట్టుకున్నారు, పశువులు కాసేవాళ్ళే కూర్చుని ఎక్కడ నీటికుంట తవ్వాలి, ఎక్కడ వేసవి మేత కోసం నేల వదిలేయాలి అని తేలుస్తారు. కౌంటీ తన అభివృద్ధి బడ్జెట్‌లో ఒకటి రెండు శాతం చట్టం చేసి అందులో వేస్తుంది. 2016లో దేశం మొత్తానికి క్లైమేట్ చట్టం వచ్చింది, 2021లో ప్రపంచ బ్యాంకు 15 కోట్ల డాలర్లతో ఆ పద్ధతినే 47 కౌంటీలకి తీసుకెళ్ళే పనికి ఒప్పుకుంది. ముందు కింద పద్ధతి, తర్వాత పైనుంచి డబ్బు.

మనం మన పంచాయతీల్ని ఏం చేశాం? రాజ్యాంగంలో 29 అంశాలు రాసి పెట్టుకున్నాం, నీటి నిర్వహణ, నేల పరిరక్షణ, సామాజిక అడవులు అన్నీ అందులో ఉన్నాయి. ఆంధ్రలో ఆర్థిక సంఘం నుంచి పంచాయతీలకి వచ్చిన డబ్బుని డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) బకాయిల కింద జమ చేసుకుంటే సర్పంచులు రోడ్డెక్కారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరితో పంచాయతీల గడువు అయిపోతే 2025 డిసెంబర్ దాకా ఎన్నికలే లేవు, దాదాపు రెండేళ్ళు స్పెషల్ ఆఫీసర్ల పాలన, ఎన్నికైన బాడీ లేదని కేంద్రం నిధులు ఆగిపోయాయి, పంచాయతీ కార్యదర్శులు ట్రాక్టర్ డీజిల్‌కి సొంత డబ్బు పెట్టుకున్న పరిస్థితి. ఎక్కడో బాకులో మాకు 1.3 లక్షల కోట్ల డాలర్లు కావాలని వాదించే దేశంలో ఊరి ఖాతాలో డీజిల్‌కి డబ్బు లేకుండా చేశాం.

కాబట్టి నేను అడిగేది ఇదీ. రెండు రాష్ట్రాల్లోనూ ఈ పని ఆర్థిక శాఖలోకి రావాలి, అక్కడ పర్మనెంట్ పోస్టులు, కనీసం ఐదేళ్ళు కదపకుండా, ఒక హైడ్రాలజిస్టు, ఒక ప్రాజెక్ట్ ఫైనాన్స్ తెలిసినవాళ్ళు, ప్లానింగ్ సొసైటీ వాన లెక్కల మీద నేరుగా యాక్సెస్. కన్సల్టెంట్‌ని పెట్టుకున్నా పక్కన కూర్చుని నేర్చుకునే ప్రభుత్వ ఉద్యోగి పేరు కాంట్రాక్టులోనే ఉండాలి. మిటిగేషన్ ఫండ్‌లోంచి కొంత వాటా ఏఈ స్థాయికి వదలాలి, కల్వర్టు కొట్టుకుపోతే పెద్ద సైజు కట్టడానికి అదనపు ఖర్చు అందులోంచి అక్కడే పెట్టుకునేలా. పంచాయతీ ప్లాన్‌లో నీటి బడ్జెట్ షీట్ తప్పనిసరి చేయాలి. తెలంగాణలో 2025 డిసెంబర్ ఎన్నికలతో కొత్త సర్పంచులు వచ్చారు, ఆ షీట్ ఎలా నింపాలో నేర్పడానికి మహబూబ్‌నగర్, నల్గొండ ఊళ్ళల్లో ఒకప్పుడు బోర్లు కొలిచిన రైతులు ఇంకా ఉన్నారు, వాళ్ళనే ట్రైనర్లుగా పిలవండి, రోజుకింత అని గౌరవ వేతనం ఇచ్చి.